5 లీటర్లలో కుదిరిన రామన్ గ్లూకోజ్ మోడల్ 50 లీటర్లలో ఎందుకు తప్పుతోంది?

తుర్కపల్లి_కల్చర్:

సభ్యులందరికీ నమస్కారం. జీనోమ్ వ్యాలీలోని ఒక చిన్న ప్రాసెస్ డెవలప్‌మెంట్ బృందంలో పనిచేస్తున్నాను. మోనోక్లోనల్ యాంటీబాడీని (మందుగా వాడే ప్రోటీన్) తయారుచేసే చో కణాలను (చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాలు) 14 రోజుల ఫెడ్-బ్యాచ్ పద్ధతిలో, అంటే మధ్యమధ్య పోషకాల ఫీడ్ పోస్తూ, పెంచుతున్నాము. గ్లూకోజ్‌ను శాంపిల్ తీయకుండానే తెలుసుకోవాలన్న ఉద్దేశంతో 785 నానోమీటర్ల లేజర్ ఉన్న రామన్ ప్రోబ్‌ను (లేజర్ కాంతి అణువులను తాకి చెదిరే తీరునుబట్టి పదార్థాలను గుర్తించే పరికరం) బయోరియాక్టర్‌లో, అంటే కణాలను పెంచే పాత్రలో, అమర్చాము. ఒక్కొక్క స్పెక్ట్రమ్‌కు 10 సెకన్ల చొప్పున 75 ఎక్స్‌పోజర్లు తీసి సగటు కడుతున్నాము, అంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది.

5 లీటర్ల పాత్రలో ఆరు బ్యాచ్‌లు నడిపి, రోజుకొక శాంపిల్ చొప్పున, స్పెక్ట్రమ్‌ఒకటి, కొలిచిన గ్లూకోజ్ విలువ ఒకటిగా 84 జతలు సేకరించి పీఎల్ఎస్ మోడల్ (స్పెక్ట్రమ్‌నుంచి గ్లూకోజ్‌ను అంచనా వేసే ఒక రిగ్రెషన్ పద్ధతి) కట్టాము. ముందు ఎస్ఎన్‌వీ (స్పెక్ట్రాలను ఒకే కొలతకు తెచ్చే నార్మలైజేషన్), ఆ తరువాత ఫస్ట్ డెరివేటివ్ (స్పెక్ట్రమ్ వాలు), 400 నుంచి 1800 సెం.మీ⁻¹ వరకు మొత్తం పరిధి, ఏడు లేటెంట్ వేరియబుల్స్ (స్పెక్ట్రమ్‌ను మోడల్ కుదించుకునే సారాంశ చలరాశులు). క్రాస్ వాలిడేషన్‌లో, అంటే కొన్ని శాంపిళ్ళను పక్కన పెట్టి వాటిమీద పరీక్షించినప్పుడు, లోపం లీటరుకు 0.35 గ్రాములు వచ్చింది. అందరమూ సంతోషించాము.

అదే మోడల్‌ను 50 లీటర్ల సింగిల్-యూజ్ రియాక్టర్‌కు (ఒకసారి వాడి పారవేసే సంచి ఉన్నది) తీసుకువెళ్ళాము. అక్కడ ఫీడ్‌ను రోజుకొకసారి పోయకుండా పంపుతో నిరంతరంగా ఇస్తూ గ్లూకోజ్‌ను లీటరుకు 4 గ్రాముల దగ్గర నిలబెడుతున్నాము. మొదటి నాలుగైదు రోజులు మోడల్ బాగానే చెప్పింది. ఆరో రోజు నుంచి తక్కువగా చెప్పడం మొదలుపెట్టి, పదో రోజుకు, తీసిన శాంపిల్‌లో గ్లూకోజ్‌ను నేరుగా కొలిచే ఎనలైజర్‌లో 4.0 వస్తుంటే మోడల్ 2.6 చూపిస్తోంది. పంపును ఇంకా దానికి అప్పగించలేదు కాబట్టి సరిపోయింది. దాని మాట నమ్మి ఉంటే అక్కరలేని గ్లూకోజ్‌ను పోసి ఉండేవాళ్ళము. ప్రోబ్ మారినందువల్లనా, పాత్ర మారినందువల్లనా, మోడల్‌లోనే దోషమా? ఇంకొన్ని బ్యాచ్‌లు నడిపితే సరిపోతుందని మా పై అధికారి అంటున్నారు. ఒక్కొక్క బ్యాచ్‌కు రెండు వారాలు పోతాయి కనుక ముందుగా ఇక్కడ అడుగుతున్నాను.

న్యూజెర్సీ_తెలుగు:

వివరాలన్నీ ఒకేచోట ఇచ్చినందుకు ధన్యవాదాలండి. సలహా చెప్పేముందు మూడు ప్రశ్నలు. మొదటిది, క్రాస్ వాలిడేషన్‌లో శాంపిళ్ళను ఎలా విడదీశారు? రెండవది, 5 లీటర్ల బ్యాచ్‌లలో శాంపిల్‌ను ఏ వేళ తీసేవారు, ఫీడ్‌కు ముందా, తరువాతా? మూడవది, మీ రిగ్రెషన్ కోఎఫిషియంట్ల (స్పెక్ట్రమ్‌లో ఒక్కొక్క స్థానానికి మోడల్ ఇచ్చిన బరువుల) బొమ్మను గ్లూకోజ్ ద్రావణపు స్పెక్ట్రమ్ పక్కన పెట్టి చూశారా?

మొదటి ప్రశ్న ఎందుకంటే, 84 శాంపిళ్ళను కలగాపులగంగా పది భాగాలు చేస్తే, మూడో బ్యాచ్ ఎనిమిదో రోజు శాంపిల్ పరీక్షకు వచ్చినప్పుడు అదే బ్యాచ్ ఏడో రోజు, తొమ్మిదో రోజు శాంపిళ్ళు శిక్షణలో కూర్చుని ఉంటాయి. ప్రశ్నపత్రానికి అటూ ఇటూ ఉన్న జవాబులను ముందే చూసిన విద్యార్థికి మంచి మార్కులు రావడంలో వింతేమీ లేదు. బ్యాచ్ మొత్తాన్ని పక్కన పెట్టి, మిగిలిన ఐదింటితో మోడల్ కట్టి, పక్కన పెట్టిన దానిమీద పరీక్షించాలి. నిజానికి మీ దగ్గర ఉన్న స్వతంత్ర సాక్ష్యాలు 84 కావు, ఆరు మాత్రమే.

తుర్కపల్లి_కల్చర్:

మీరు అనుమానించినట్టే కలగాపులగంగానే విడదీశాము. ఈరోజు బ్యాచ్‌వారీగా మళ్ళీ లెక్క కట్టాను, లోపం 0.35 నుంచి 0.62కు పెరిగింది. శాంపిల్‌ను ప్రతిరోజూ ఉదయం తొమ్మిదింటికి, ఫీడ్‌కు ముందు తీసేవాళ్ళము. కోఎఫిషియంట్ల విషయానికి వస్తే, 1125 దగ్గర ఒక మోస్తరు శిఖరం ఉంది కానీ, 1450 దగ్గరా, 1640 దగ్గరా, 750 దగ్గరా దానికంటే పెద్దవి ఉన్నాయి.

న్యూజెర్సీ_తెలుగు:

అయితే ఇంకొక చిన్న పరీక్ష చేయండి. దీనికి స్పెక్ట్రమ్‌తో పనేలేదు. కల్చర్ మొదలై ఎన్ని గంటలైంది, ఇప్పటివరకు ఎంత ఫీడ్ పోశారు అన్న రెండు సంఖ్యలను మాత్రమే తీసుకుని, వాటినుంచి గ్లూకోజ్‌ను అంచనా వేసే మామూలు రిగ్రెషన్ కట్టి, దానినీ బ్యాచ్‌వారీగానే పరీక్షించండి. ఆ లోపం ఎంత వస్తుందో చెప్పండి.

తుర్కపల్లి_కల్చర్:

0.70 వచ్చిందండి. చూసి కాసేపు మాట రాలేదు.

న్యూజెర్సీ_తెలుగు:

అంటే ప్రోబ్, లేజర్, డిటెక్టర్, ఏడు లేటెంట్ వేరియబుల్స్ అన్నీ కలిసి గోడ గడియారంకంటే 0.08 మాత్రమే మెరుగు.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే మెతుకు పట్టి చూడాలి. మీ మోడల్ మెతుకు పట్టకుండా, పొయ్యి వెలిగించి ఎంతసేపయిందో చూసి చెబుతోంది. రోజూ ఒకే వేళ, ఫీడ్‌కు ముందే శాంపిల్ తీసినందువల్ల మీ ఆరు బ్యాచ్‌లలోనూ గ్లూకోజ్ 6 దగ్గర మొదలై రోజురోజుకూ తగ్గుతూ 2, 3 దగ్గరకు వచ్చి ఉంటుంది. కణాలు పెరగడం, ప్రోటీన్ పేరుకోవడం, మాధ్యమం రంగు మారడం కూడా అదే కాలక్రమంలో జరుగుతాయి. పీఎల్ఎస్ వీటన్నిటినీ గ్లూకోజ్‌కు ఆనవాళ్ళుగా పట్టుకుంది. 50 లీటర్లలో కల్చర్ ముదిరినా గ్లూకోజ్ తగ్గలేదు. మోడల్ మాత్రం ముదిరింది కాబట్టి తగ్గే ఉంటుందని చెప్పింది. పదో రోజు 2.6 ఎక్కడినుంచి వచ్చిందో మీ 5 లీటర్ల పదో రోజు సగటును చూస్తే బహుశా తెలుస్తుంది.

వాల్తేరు_వర్ణపటం:

నేను కణాల మనిషిని కాను, రసాయనశాస్త్రం బోధించేవాణ్ణి. రామన్‌తో నా పరిచయం కల్చర్ వైపునుంచి కాక కాంతి వైపునుంచి. పైన చెప్పిన కారణం సరైనదే. అయితే దానికి తోడు, మీరు స్పెక్ట్రమ్‌ను సిద్ధంచేసిన తీరులో కూడా ఒక లోపం ఉందని నా అభిప్రాయం.

ముందుగా శిఖరాల సంగతి. గ్లూకోజ్‌కు బలమైన ఆనవాలు 1125 దగ్గర, దాని పక్కన 1060 ప్రాంతంలో ఉంటుంది. లాక్టేట్‌కు 855 దగ్గర, ఫినైల్ అలనీన్‌కు 1003 దగ్గర ఉంటాయి. 1450 దగ్గర కనిపించేది ప్రోటీన్లలోనూ కొవ్వులలోనూ ఉండే కార్బన్-హైడ్రోజన్ బంధాల వంపు. అంటే అది కణరాశికి, ఉత్పత్తికి సూచన. 1640 దగ్గరిది ప్రధానంగా నీరు. ఇక 750 కల్చర్‌కు సంబంధించినదే కాదు. మీ ప్రోబ్ కొసన నీలమణి కిటికీ ఉంటే దాని సొంత శిఖరాలు 418, 645, 750 ప్రాంతాలలో వస్తాయి. గ్లూకోజ్ లెక్కలో నీలమణికి పెద్ద బరువు ఇచ్చిన మోడల్‌ను ఆ ఒక్క కారణంతోనే అనుమానించవచ్చు. ఆ శిఖరాలను మోడల్‌నుంచి తీసివేయండి కానీ పారవేయకండి. లేజర్ బలం తగ్గిందా, ఫైబర్ వదులైందా అన్నది వాటి ఎత్తును చూసి కనిపెట్టవచ్చు.

ఇక ఎస్ఎన్‌వీ. అది ప్రతి స్పెక్ట్రమ్‌నుంచి దాని సగటును తీసివేసి, దాని ప్రామాణిక విచలనంతో భాగిస్తుంది. కల్చర్ ముదిరేకొద్దీ ఫ్లోరసెన్స్ (లేజర్ తగిలి మాధ్యమం తానే వెలువరించే కాంతి) వల్ల నేపథ్యం కొండలా లేస్తుంది. మీరు ఎస్ఎన్‌వీని ముందు చేశారు కాబట్టి ఆ విచలనంలో అధికభాగం ఆ కొండదే. పదో రోజు నాటికి భాజకం పెద్దదవుతుంది. గ్లూకోజ్ శిఖరం నిజంగా అంతే ఎత్తున ఉన్నా, భాగించిన తరువాత కురచబడుతుంది. మీ మోడల్ తక్కువగా చెప్పడానికి ఇది కూడా అదే దిశలో తోడ్పడుతుంది. ముందు డెరివేటివ్‌తో నేపథ్యాన్ని తొలగించి, ఆ తరువాత నార్మలైజ్ చేస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

నన్ను అడిగితే ఎస్ఎన్‌వీకి బదులు నీటి శిఖరంతో భాగించి చూడమంటాను. కణాల సాంద్రత పెరిగితే కాంతి చెదిరి, గ్లూకోజ్‌నుంచి వచ్చే సంకేతమూ నీటినుంచి వచ్చే సంకేతమూ రెండూ తగ్గుతాయి. వాటి నిష్పత్తి తీసుకుంటే ఆ తగ్గుదల చాలావరకు కొట్టుకుపోతుంది. ప్రోటీన్ల అమైడ్ శిఖరం కూడా 1650 ప్రాంతంలోనే ఉంటుందని మాత్రం మరచిపోకండి. యాంటీబాడీ లీటరుకు కొన్ని గ్రాములే కాబట్టి నీటి ముందు అది చిన్నది, కానీ సున్నా కాదు.

ఫ్లోరసెన్స్‌ను తప్పించుకోవడానికి 1064 నానోమీటర్ల లేజర్‌కు మారవచ్చు కదా అని ఎవరైనా అడిగేలోపే చెబుతాను. రామన్ తీవ్రత తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. 785 నుంచి 1064కు వెళితే సంకేతం సుమారు 30 శాతానికి పడిపోతుంది. ఉన్నదే బలహీనమైన సంకేతం. అందులో మూడింట రెండు వంతులకు పైగా వదులుకునే ముందు ఆలోచించాలి.

కృత్రిమ_మేధ:

అందరూ పీఎల్ఎస్ చుట్టూనే తిరుగుతున్నారు. కణ సంవర్ధనంలో సంబంధాలు సరళరేఖలో ఉండవు. కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్ వాడితే ప్రీప్రాసెసింగ్ గురించి ఇంత తర్జనభర్జన అక్కరలేదని, నేపథ్యాన్ని తీసివేయడం అదే నేర్చుకుంటుందని నా అభిప్రాయం.

న్యూజెర్సీ_తెలుగు:

నేర్చుకుంటుంది, దానికి నేర్పడానికి తగినంత డేటా ఉంటే. ఇక్కడ ఆరు బ్యాచ్‌లే ఉన్నాయి. పైగా ఇప్పటి సమస్య వక్రతది కాదు. గ్లూకోజ్, కాలం చేయి చేయి పట్టుకుని నడిచిన డేటాను ఏ పద్ధతికి ఇచ్చినా, రెండింటిలో తేలికగా కనిపించేదాన్నే అది పట్టుకుంటుంది. నెట్‌వర్క్ గడియారాన్ని పీఎల్ఎస్‌కంటే ఇంకా నేర్పుగా పట్టుకుంటుంది, అంతే తేడా. పెద్ద సంస్థలలో ఎన్నో ఉత్పత్తుల స్పెక్ట్రాలు ఏళ్ళ తరబడి పోగుపడి ఉన్నచోట, కొత్త స్పెక్ట్రమ్ వచ్చినప్పుడల్లా దాన్ని పోలిన పాతవాటిని ఏరి అప్పటికప్పుడు మోడల్ కట్టే జస్ట్-ఇన్-టైమ్ పద్ధతి, అంచనాతోపాటు తన అనిశ్చితిని కూడా చెప్పే గాసియన్ ప్రాసెస్ వంటివి బాగా ఉపయోగపడతాయి. తుర్కపల్లిగారికి ఇప్పుడు కావలసింది వేరే అల్గారిథమ్ కాదు, వేరే శాంపిళ్ళు.

కృత్రిమ_మేధ:

ఆరు బ్యాచ్‌ల వరకు ఒప్పుకుంటాను. అరవై ఉన్ననాడు మళ్ళీ మాట్లాడుకుందాము.

కణశాల:

శాంపిళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. ఇంకో ఆరు బ్యాచ్‌లను అదే తీరున నడిపితే మీకు అదే గడియారం ఇంకా గట్టిగా వస్తుంది. చేయవలసినది గ్లూకోజ్‌కూ వయసుకూ ఉన్న ముడిని తెంచడం, అంటే స్పైకింగ్. తీసిన కల్చర్ శాంపిల్‌ను చిన్న పాత్రలో పోసి, అందులో చిక్కని గ్లూకోజ్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ, ఒక్కొక్క స్థాయిలో స్పెక్ట్రమ్ తీయాలి. రెండో రోజు కల్చర్‌లో గ్లూకోజ్ తక్కువగానూ, పన్నెండో రోజు కల్చర్‌లో ఎక్కువగానూ ఉండే శాంపిళ్ళు కావాలి. ఎక్కువ చేయడానికి స్పైకింగ్ సరిపోతుంది. తక్కువ కావాలంటే లేత కల్చర్‌ను కొంతసేపు ఫీడ్ లేకుండా ఉంచాలి.

ద్రావణాన్ని చిక్కగా తీసుకోమన్నది ఊరికే కాదు. పలుచని ద్రావణం కలిపితే లాక్టేట్, అమైనో ఆమ్లాలు, కణాలు అన్నీ పలుచబడి, గ్లూకోజ్ పెరిగితే తక్కినవన్నీ తగ్గుతాయన్న కొత్త ముడి పడుతుంది. ఒకదాన్ని తెంచబోయి ఇంకొకటి వేసుకున్నట్టు అవుతుంది. అలాగే గ్లూకోజ్‌నూ లాక్టేట్‌నూ ఎప్పుడూ జతగా పెంచకుండా, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ ఉండేలా రకరకాల కలయికలు చేయండి.

ఈ పనిని నడుస్తున్న రియాక్టర్‌లోనే చేద్దామన్న ఆలోచన రావచ్చు. గ్లూకోజ్‌తో కొంత పరవాలేదు. లీటరుకు ఒక గ్రాము కలిపితే ఆస్మొలాలిటీ (ద్రవంలో కరిగిన కణికల మొత్తం గాఢత) సుమారు 5.5 యూనిట్లు పెరుగుతుంది. లాక్టేట్‌ను సోడియం లవణంగా కలిపితే ఒక గ్రాముకు దానికి నాలుగు రెట్లు, 22 దాకా పెరుగుతుంది. కణాలు అది గమనించకుండా ఉండవు. అందువల్ల బయటి పాత్రే మేలు.

బయటి పాత్రతో చిక్కు ఏమిటంటే, కణాలు తింటూనే ఉంటాయి. మిల్లీలీటరుకు 2 కోట్ల కణాలు ఉండి, ఒక్కొక్క కణం రోజుకు ఒక పికోమోల్ గ్లూకోజ్ వాడుతుందనుకుంటే, లీటరుకు రోజుకు 3.6 గ్రాములు, అంటే గంటకు 0.15 గ్రాములు పోతాయి. పన్నెండున్నర నిమిషాల స్కాన్‌లో 0.03 మాత్రమే, దాన్ని భరించవచ్చు. కానీ నాలుగు స్థాయిలు వరుసగా చేసి ఎనలైజర్‌కు చివరలో ఒకేసారి పంపితే గంట గడిచిపోతుంది. పైగా గాలి అందక లాక్టేట్ పెరుగుతుంది. ప్రతి స్కాన్ మధ్యలో ఒక చిన్న శాంపిల్ తీసి వెంటనే ఎనలైజర్‌కు ఇవ్వండి.

రియాక్టర్‌లో ఊరికే చేయగలిగినది ఒకటుంది. రోజూ ఫీడ్‌కు ముందు మాత్రమే కాక, ఫీడ్ పోసి బాగా కలిసిన తరువాత కూడా ఒక శాంపిల్ తీయండి. అదే కల్చర్, అదే వయసు, గ్లూకోజ్ మాత్రం వేరు. ఇంతకాలం ఆ సమాచారం మీ కళ్ళముందే వృథాగా పోయింది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఫీడ్‌లో గ్లూకోజ్‌తోపాటు అమైనో ఆమ్లాలు కూడా ఉంటాయి కాబట్టి ఇది స్పైకింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఫీడ్ పోసే సమయానికి స్కాన్ సగంలో ఉంటే ఆ స్పెక్ట్రమ్‌ను పారవేయండి. అది సగం ముందుదీ, సగం తరువాతదీ.

వాల్తేరు_వర్ణపటం:

కణశాలగారి లెక్క బాగుంది. దానికి తోడుగా ఇంకొక మాట: మీ ఎనలైజర్‌లో ఒకే శాంపిల్‌ను రెండుసార్లు పెడితే ఎంత తేడా వస్తుందో కొలిచి పెట్టుకోండి. ఆ తేడా 0.2 ఉంటే, 0.15 లోపం చూపించే మోడల్‌ను చూసి మురిసిపోకూడదు.

50 లీటర్ల సింగిల్-యూజ్ సంచి పారదర్శకంగా ఉంటుంది కదా. గదిలోని దీపాల కాంతి లోపలికి రాకుండా ఏం చేస్తున్నారు? ట్యూబులైటు కాంతికి సన్నని గీతలు ఉంటాయి. అవి రామన్ శిఖరాలలాగే కనిపిస్తాయి, డెరివేటివ్ తీస్తే పోవు సరికదా ఇంకా పదునవుతాయి. దీపాలు వెలిగించి ఒక స్పెక్ట్రమ్, ఆర్పి ఒక స్పెక్ట్రమ్ తీసి ఒకదానినుంచి ఇంకొకటి తీసివేసి చూడండి. ప్రోబ్ మారినప్పుడల్లా సైక్లోహెక్సేన్‌తో అక్షాన్ని సరిచూసుకోవడం కూడా మంచిది. దాని ప్రధాన శిఖరం 801 దగ్గర రావాలి.

తుర్కపల్లి_కల్చర్:

అయిదు వారాల తరువాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. చేసినవి చెబుతాను.

దీపాల పరీక్షలో 5 లీటర్ల పాత్రకు ఏ తేడా లేదు, దానికి మొదటినుంచీ అల్యూమినియం రేకు చుట్టేవాళ్ళము. 50 లీటర్ల దాని తలుపు కిటికీనుంచి కాంతి పడుతున్నట్టు స్పష్టంగా తేలింది. నల్లని గుడ్డ కట్టాము.

5 లీటర్లలో రెండు కొత్త బ్యాచ్‌లు నడిపి, రోజుకు రెండు శాంపిళ్ళు తీశాము. ఆ రెండింటినుంచే, నాలుగు వేర్వేరు వయసుల కల్చర్‌లో ఆరేసి స్పైక్‌ల చొప్పున 24 శాంపిళ్ళు చేశాము. పరిధిని 800 నుంచి 1550కు కుదించి, ముందు డెరివేటివ్ తీసి, ఆ తరువాత నీటి శిఖరంతో భాగించాము. భాగించడానికి మాత్రం డెరివేటివ్ తీయని స్పెక్ట్రమ్‌లో నేపథ్యం తీసివేసి కొలిచిన నీటి వైశాల్యాన్ని వాడాము. లేటెంట్ వేరియబుల్స్ ఏడునుంచి నాలుగుకు దిగాయి. ఇప్పుడు కోఎఫిషియంట్లలో అన్నిటికంటే పెద్దది 1125 దగ్గరే ఉంది.

బ్యాచ్‌వారీ లోపం 0.44. కాలం, ఫీడ్ మాత్రమే ఇచ్చిన మోడల్‌కు ఇదే డేటామీద 1.6 వస్తోంది, ఎందుకంటే గడియారానికి స్పైక్‌ల సంగతి తెలియదు. 50 లీటర్ల మూడో బ్యాచ్‌లో, మోడల్ ఎన్నడూ చూడని డేటామీద, లోపం 0.48. మొదటి మోడల్ కాగితంమీద 0.35 చూపించి రియాక్టర్‌లో 1.4 తప్పింది, ఇది కాగితంమీద 0.44 చూపించి దాదాపు అంతే తప్పుతోంది. మా పై అధికారికి ఈ రెండు వరుసలను చూపించి ఒప్పించడానికి అరగంట పట్టింది.

ఇంకొక ప్రశ్న. అమోనియాకు, జీవించి ఉన్న కణాల సంఖ్యకు కూడా ఇదే ప్రోబ్‌తో మోడల్ కట్టమంటున్నారు. కట్టవచ్చా?

వాల్తేరు_వర్ణపటం:

కల్చర్‌లో ఉండే కొద్ది మిల్లీమోలార్ల స్థాయిలో అమోనియాకు మీరు పట్టుకోగల సొంత శిఖరం ఉండదు. మోడల్ కుదిరినట్టు కనిపిస్తే అది మళ్ళీ గడియారమే. నేనైతే ఆ పని ఒప్పుకోను.

కణశాల:

కణాల సంఖ్యకు కెపాసిటెన్స్ ప్రోబ్ పెట్టండి. అదీ ఒక రకం స్పెక్ట్రోస్కోపీయే, రేడియో పౌనఃపున్యాలలో. పొర చెక్కుచెదరని కణాలే విద్యుత్ క్షేత్రంలో ధ్రువణం చెందుతాయి కాబట్టి చచ్చినవి లెక్కలోకి రావు. అయితే అది కొలిచేది సంఖ్యను కాదు, బతికి ఉన్న కణాల ఘనపరిమాణాన్ని. చివరి రోజులలో కణాల వ్యాసం మారితే సంఖ్యతో పొసగదు. ఒకే పౌనఃపున్యం కాకుండా మొత్తం స్కాన్ వాడితే ఆ తేడాను కొంత సరిదిద్దవచ్చు.

నాణ్యతా_విభాగం:

ఇంతవరకు చదువుతూ ఉన్నాను. పంపును మోడల్‌కు అప్పగించే రోజు వస్తుంది కనుక మా వైపునుంచి ఒక మాట. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో ఇచ్చిన పీఏటీ (తయారీ నడుస్తుండగానే కొలిచి నియంత్రించే పద్ధతుల) మార్గదర్శకం, 2023లో ఖరారైన ఐసీహెచ్ క్యూ14 (విశ్లేషణ పద్ధతుల అభివృద్ధిపై అంతర్జాతీయ మార్గదర్శకం) రెండూ ఇటువంటి బహుచలరాశి మోడళ్ళను వద్దనవు. మోడల్‌ను ఎప్పుడు నమ్మకూడదో ముందే రాసిపెట్టుకున్నారా అన్నది మేము ముందుగా అడుగుతాము. ప్రతి స్పెక్ట్రమ్‌కూ హోటెలింగ్ టీ-స్క్వేర్, క్యూ రెసిడ్యువల్ లెక్కించండి. మొదటిది స్పెక్ట్రమ్ మోడల్‌కు తెలిసిన పరిధిలో ఉందా అని, రెండవది మోడల్ వివరించలేనిది అందులో ఏమైనా ఉందా అని చెబుతాయి. రెండింటిలో ఏది హద్దు దాటినా పంపు తనంతట తానే ముందుగా నిర్ణయించిన స్థిరమైన వేగానికి మారాలి, ఆపరేటర్‌కు కబురు వెళ్ళాలి. మోడల్‌ను కొత్త డేటాతో మార్చిన ప్రతిసారీ కొత్త వెర్షన్ సంఖ్య ఇచ్చి, పాతదాన్నీ దాని డేటానూ భద్రపరచండి.

తుర్కపల్లి_కల్చర్:

ధన్యవాదాలండి. అమోనియా మోడల్ వద్దని రాసి పంపాను. హద్దుల విషయం ఈ వారమే అనుభవంలోకి వచ్చింది. నాలుగో 50 లీటర్ల బ్యాచ్ తొమ్మిదో రోజు రాత్రి రెండింటికి క్యూ రెసిడ్యువల్ ఒక్కసారిగా హద్దు దాటి, పంపు స్థిర వేగానికి మారింది. గ్లూకోజ్ అంచనా మాత్రం 4.1 దగ్గర నిశ్చింతగా కూర్చుని ఉంది. ఉదయం వెళ్ళి చూస్తే, రాత్రి షిఫ్టువారు నురుగు చూడడానికి నల్లని గుడ్డ పైకెత్తి, మళ్ళీ దించడం మరచిపోయారు. గుడ్డ దించిన తరువాత రెండో స్కాన్‌కు రెసిడ్యువల్ మామూలు స్థాయికి వచ్చింది. ఇప్పుడు గుడ్డకు అడుగున బరువు కట్టాము.